వేలిముద్ర చెల్లని బడి

బొగ్గుబాయిల ఊళ్లకు తాతల నాటి ఆచారాలు ఉండవు. ఉండటానికి తాతలే ఉండరు. మా చిన్నప్పుడు శ్రీరాంపూర్‌లో ఏ క్వార్టర్ తలుపు తట్టినా ఆ ఇంటి పెద్ద ఎక్కడి నుంచో వచ్చినవాడే. ఒకరిది పెద్దపల్లి పక్క పల్లె, ఒకరిది జగిత్యాల దగ్గర, ఒకరిది వరంగల్, ఇంకొకరిది ప్రాణహిత అవతల చాందా జిల్లా. ఎవరి ఇలవేల్పు వాళ్ల సొంతూళ్లో ఉండేది. ఎవరి జాతర వాళ్లకు అక్కడే జరిగేది. దసరా వస్తే సగం లైన్లకు తాళాలు పడేవి. ఊళ్లో అందరికీ ఉమ్మడిగా ఉన్న కట్టుబాట్లు రెండే. ఒకటి కంపెనీ సైరన్, రెండోది మా ఆడపిల్లల బడి.

సైరన్ మూడు షిఫ్టులకూ కూసేది. అన్నం వండే వేళ, నీళ్లు పట్టే వేళ, పిల్లలు నోరు మూసుకోవాల్సిన వేళ అన్నీ దాని ప్రకారమే. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన బాపు పగలు పడుకుంటే ఇంట్లో పాఠం పైకి చదవడానికి లేదు. ఆదివారం కూడా కొందరి బాపులు బాయిలోనే ఉండేవాళ్లు. అందుకే మా ఊళ్లో పిల్లలు కలిస్తే పేరు తర్వాత అడిగే మొదటి ప్రశ్న "మీ బాపు ఏ షిఫ్టు?" అనే. ఎవరైనా బడికి రాకపోతే "ఎందుకు రాలేదు" అనేవాళ్లం కాదు, "నిన్న నాగా ఎందుకైంది?" అనేవాళ్లం. అది బాయి మస్టర్ నుంచి మా నోళ్లలోకి వచ్చింది.

మా బడి మంచిర్యాల తోవలో ఉండేది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు నడిపేవాళ్లు. ఆదిలాబాద్ జిల్లాలో వాళ్ల మిషన్ పని అప్పట్లో చాందా మేత్రాసనం కింద జరిగేది. మగపిల్లలను సర్కారు బడికో కంపెనీ బడికో పంపిన కార్మికులు, ఆడపిల్లకు మాత్రం ఫీజు కట్టి ఇక్కడికి పంపేవాళ్లు. చదువు మీద ప్రేమతో పంపినవాళ్లు కొందరు. "మగపోరగాండ్లు ఉండరు, గేటుకు తాళం ఉంటది" అని పంపినవాళ్లే ఎక్కువ. కారణం ఏదైనా, ఆ గేటు లోపల పదో తరగతి దాకా కూర్చున్నాం.

ఆడపిల్లలకే ప్రత్యేకమైన బడి అంటే హైదరాబాద్‌లో కొత్త సంగతేమీ కాదు. స్టాన్లీ బాలికల పాఠశాల 1895 నాటిది. రోజరీ కాన్వెంట్ 1904లో, మహబూబియా 1907లో మొదలయ్యాయి. అక్కడ చదివినవాళ్లు అధికారుల ఆడపిల్లలు, నవాబుల ఆడపిల్లలు, వకీళ్ల ఆడపిల్లలు. కోల్ ఫిల్లర్ కూతురు, ట్రామర్ కూతురు, టింబర్‌మన్ కూతురు ఒకే బెంచీ మీద కూర్చునే ఆడపిల్లల బడి వేరే సంగతి. పట్నం కాన్వెంట్ల నుంచి సిస్టర్లు తెచ్చిన అలవాట్లు మా ఊరికి వచ్చేసరికి ఆకారం మార్చుకున్నాయి. ఏది ఎందుకు మారిందో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. మా బడి ఆచారాల్లో చాలావరకు ఆ ఊళ్లో ఏదో ఒక లోటును పూడ్చడానికి పుట్టినవే.

శనివారం తెల్లబట్టలనే తీసుకోండి. ఐదు రోజులు నీలం లంగా, తెల్ల జాకెట్టు. శనివారం తల రిబ్బన్ నుంచి కాలి బూటు దాకా అంతా తెలుపే. చాలా కాన్వెంట్లలో ఉన్న అలవాటే ఇది. కానీ బొగ్గు ఊళ్లో తెల్లబట్టలేమిటని మొదటి ఏడాది ప్రతి తల్లీ తిట్టుకునేది. పొద్దున ప్రతి గుమ్మం ముందూ కంపెనీ ఇచ్చిన వంటబొగ్గుతో సిగిడి రాజేసేవాళ్లు. ఆ పొగ లైన్ల మీద ఎండ ఎక్కేదాకా కదిలేది కాదు. రోడ్డు మీద బొగ్గు లారీలు. దండెం మీద వేసిన గుడ్డను సాయంత్రం దులిపితే నల్లటి పొడి రాలేది. శుక్రవారం రాత్రి తెల్ల డ్రెస్సు ఇంటి లోపలే ఆరాలి. నీలిమందు ఒక చుక్క ఎక్కువైతే బట్ట ఆకాశం రంగు తిరిగేది, తక్కువైతే పసుపు పచ్చగా కనబడేది. బూట్లకు తెల్ల పాలిష్ కొనలేని పిల్లలు బోర్డు కింద రాలిన సుద్దముక్కలు ఏరుకుని, నీళ్లలో నానబెట్టి, గుడ్డపీలికతో పూసేవాళ్లు. ఆరిన తర్వాత బాగానే ఉండేవి. వాన పడితే అడుగడుగుకీ తెల్లటి ముద్ర పడేది.

శనివారం ప్రార్థన తర్వాత పదో తరగతి అక్కలు తనిఖీకి వచ్చేవాళ్లు. గోళ్లు, రిబ్బన్లు, మేజోళ్లు చూసేవాళ్లు. ఇక్కడొక చిన్న కిటుకు ఉండేది. మచ్చ కనిపెట్టిన అక్కే ఆ పిల్లను పంపు దగ్గరికి తీసుకుపోయి ఆ మచ్చ కడగాలి. అరవకూడదు, సిస్టర్‌కు చెప్పకూడదు. దాంతో మా అక్కలకు చిన్న చిన్న మరకలు పెద్దగా కనిపించేవి కావు.

తెల్లబట్టలకు ఇంకో కష్టం ఉంది. ఆడపిల్లల బడిలో అది చెప్పకుండానే అర్థమవుతుంది. కుట్టు గది అలమరలో ఉతికి ఇస్త్రీ చేసిన నీలం లంగాలు ఎప్పుడూ ఒకటి రెండు మడతపెట్టి ఉండేవి. శనివారం నాడు ఎవరికైనా ఉన్నట్టుండి ఇబ్బంది వస్తే, పక్క పిల్ల లేచి "కుట్టు గదికి పోవాలె టీచర్" అనేది. ఆ మాట విన్న టీచర్ కారణం అడిగేది కాదు. లంగా కట్టుకుని వచ్చిన పిల్ల, సోమవారం దాన్ని ఉతికి తెచ్చి అలమరలో పెట్టాలి. రాసుకునే పుస్తకం లేదు, పేరు లేదు, లెక్క లేదు. ఆ లంగాలు మాత్రం ఎప్పుడూ తక్కువ పడలేదు. శనివారం తెల్లటి బారుల మధ్య ఒక నీలం లంగా కనబడితే చిన్న పిల్లలు కూడా నవ్వేవాళ్లు కాదు. రేపు మనకూ అదే అలమర అని అందరికీ తెలుసు.

కాన్వెంట్లలో పిల్లలను హౌస్‌లుగా విడదీస్తారు. రంగుల పేర్లో, సెయింట్ల పేర్లో పెడతారు. మావి నదుల పేర్లు: గోదావరి, ప్రాణహిత, మానేరు, పెన్‌గంగ. ఎవరు ఏ నదిలో పడతారో చీటీలు తీసేవాళ్లు. అక్కాచెల్లెళ్లయితే ఒకే నదిలో ఉండకూడదు. ఏటా వార్షికోత్సవం ముందు పద్యాలు, ఖోఖో, టెన్నికాయిట్, ముగ్గుల పోటీలు జరిగేవి. గెలిచిన హౌస్‌కు కప్పు లేదు, సర్టిఫికెట్ లేదు. మరుసటి ఏడాదంతా బడి గంట కొట్టే హక్కు దొరికేది. గంట అంటే నిజం గంట కాదు. బాయిలో టబ్బులు నడిచే పట్టా ముక్క ఒకటి వేపచెట్టు కొమ్మకు ఇనుప గొలుసుతో వేలాడేది. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టాలి. మా బాపులు నేల కింద రోజూ నెట్టే టబ్బుల పట్టా మా చేతుల్లో మోగేది. ఊళ్లో పెద్దలందరినీ లేపేది, పడుకోబెట్టేది కంపెనీ కూత. మమ్మల్ని మాత్రం మాలో ఒకతే పిలిచేది, మాలో ఒకతే ఇంటికి పంపేది. ఆ కడ్డీ కోసం టెన్నికాయిట్‌లో మోచేతులు కొట్టుకుపోయేలా ఆడేవాళ్లం.

బుధవారం సద్ది కథ వేరు. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. నేనప్పుడు చిన్న తరగతిలో ఉన్నాను. జీతాలు లేవు, కిరాణా కొట్టువాళ్లు అప్పు ఆపేశారు. బడి నడిచిన రోజుల్లో కొందరి డబ్బాల్లో ఉత్త గట్క, కొందరివి ఖాళీ. పెద్ద తరగతి అక్కలు ఒక పెద్ద బేసిన్ తెచ్చి అందరి డబ్బాలూ అందులో బోర్లించి, కలిపి, ముద్దలు చేసి పంచారు. అప్పుడు ఎవరి డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియదు. సమ్మె అయిపోయింది, జీతాలొచ్చాయి, కానీ ప్రతి బుధవారం బేసిన్ బయటికి రావడం ఆగలేదు. పులిహోరలో పప్పుచారు కలిసి, దాని మీద ఎవరిదో మామిడికాయ తొక్కు పడి, చెప్పలేని రుచి వచ్చేది. ఆఫీసర్ల కాలనీ నుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా అదే ముద్ద తినాలి. వాళ్ల తల్లులు మొదట అడ్డు చెప్పారని విన్నాం. పిల్లలు మాత్రం బుధవారం నాగా పెట్టలేదు.

ఇక బొడ్డెమ్మ. బతుకమ్మ ఇప్పుడు ఊరూరా స్టేజీ మీదికి వచ్చింది, 2014లో రాష్ట్ర పండుగ కూడా అయింది. దానికి ముందు వచ్చే బొడ్డెమ్మను మాత్రం చాలామంది మరచిపోయారు. అది పెళ్లికాని పిల్లల పండుగ. భాద్రపదం చివర్లో, పెత్రమాసకు ముందు రోజుల్లో, పీట మీద పుట్టమన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను కట్టి, జాజు పూసి, పూలు పెట్టి చుట్టూ ఆడతారు. ఊళ్లలో అయితే ఇంటి వాకిట్లో జరిగేది. మా క్వార్టర్లకు వాకిలంటే డ్రైనేజీకి, రోడ్డుకు మధ్య జానెడు జాగా. పుట్టమన్ను ఎక్కడిది? అందుకని బడి వెనుక ఖాళీ జాగాలో, చింతచెట్టు కింద, సిస్టర్ల అనుమతితో బొడ్డెమ్మ వేసేవాళ్లం. బడి వదిలాక అరగంట ఆట. పూలకు రైలు కట్ట వెంట తంగేడు, గునుగు ఏరడానికి పోయేవాళ్లం. మా హెడ్ సిస్టర్ ఓనం నాటి పూల ముగ్గుల దేశం నుంచి వచ్చిన మనిషి. మొదట దూరం నుంచి చూసేది. ఒక ఏడాది తనే బుట్టెడు బంతిపూలు పట్టుకొచ్చి అడుగు అంతస్తు చుట్టూ వరస పేర్చింది. ఆమె పేర్చిన వరస మా వరసలకంటే తిన్నగా ఉందని అందరూ ఒప్పుకున్నారు.

అన్నిటికంటే గట్టి నియమం ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానిది. మా బడిలో ఆ కార్డు మీద తల్లే సంతకం పెట్టాలి. తండ్రిది చెల్లదు, అన్నది చెల్లదు. వేలిముద్ర అసలు చెల్లదు.

ఈ నియమం పెట్టింది సిస్టర్లు కాదు, మా తెలుగు టీచరమ్మ. సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యాక మా బడికి వచ్చిన మనిషి. చిన్నప్పుడు హైదరాబాద్ నారాయణగూడలోని ఆంధ్ర బాలికోన్నత పాఠశాలలో చదివింది. ఆ బడి కథ మాకు చాలాసార్లు చెప్పింది. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులుగారు పెట్టిన బడి అది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధించే రాజ్యంలో, తెలుగులో పాఠం చెప్పే ఆడపిల్లల బడికి సర్కారు గుర్తింపు రాలేదు. ఉర్దూలో చెబితే గుర్తింపు దొరికేది. పంతులుగారు భాష మార్చలేదు. పూనాలో కర్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో తమ బడిని జోడించారు. అలా హైదరాబాద్ రాజ్యంలో తెలుగు చదువుకున్న ఆడపిల్లలు పూనాలోని ఆ మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో ఆంధ్ర మహాసభకు పంతులుగారే అధ్యక్షులు. అక్కడే జరిగిన మహిళా సభకు ఆయన భార్య మాణిక్యమ్మగారు అధ్యక్షత వహించారు. "సిరిసిల్ల మీకు ఎంత దూరమే? మీ అమ్మమ్మల కాలంలోనే అక్కడ ఆడవాళ్లు సభ పెట్టుకున్నరు. మీ అమ్మ పేరు మీ అమ్మ రాసుకోకుంటే ఎట్ల?" అనేది టీచరమ్మ.

అలా ప్రతి ఏటా ఆరో తరగతికి వచ్చిన పిల్లలకు దసరా సెలవుల్లో ఒకే హోంవర్క్: అమ్మకు సంతకం నేర్పాలి. అదీ తెలుగులోనే నేర్పాలి. అర్ధసంవత్సరం పరీక్షల కార్డు వచ్చేనాటికి సంతకం పడాలి. పడని కార్డు టీచరమ్మ వెనక్కి పంపేది. మూడుసార్లు వెనక్కి పోతే ఆమే ఆ క్వార్టర్‌కు నడిచి వెళ్లేది. చాపేస్తే కూర్చుని, చాయ్ తాగి, సంతకం అయ్యేదాకా లేచేది కాదు.

మా అమ్మ పేరులో ఒత్తులున్నాయి. పెన్సిల్ ఇస్తే పట్టుకోవడం రాక విసిరేసింది. "నాకెందుకే ఇది, మీ బాపు వేస్తడు తీయ్" అంది. బాపు రెండో షిఫ్టు. అర్ధరాత్రికి గానీ ఇల్లు చేరడు. మరునాడు పొద్దున అమ్మ గడపలో ముగ్గు వేస్తుంటే నాకు ఆలోచన వచ్చింది. చుక్కలు పెట్టి "వీటిని కలుపు" అన్నాను. కలిపింది. మొదటి అక్షరమైంది. ఇరవయ్యొక్క చుక్కల ముగ్గును చూపు తిప్పకుండా వేసే చేతికి నాలుగు అక్షరాలు ఎంత పని? వారం రోజులు మా గడపలో తామరపువ్వుల బదులు అమ్మ పేరు పడింది. పక్కింటి చిన్నమ్మ వచ్చి చూసి, మరునాడు తన పేరుకు చుక్కలు పెట్టమంది. కార్డు మీద సంతకం చేసేటప్పుడు మాత్రం అమ్మ గడప మీద రాసినంత పెద్దగా రాసింది. మూడు నెలల పరీక్ష గడి నుంచి మొదలై వార్షిక పరీక్ష గడి దాకా పోయింది. నేను ఏడ్చాను. టీచరమ్మ ఆ కార్డు చూసి, ఆ ఏడాదికి ఆ ఒక్క సంతకమే చాలని పక్కన రాసింది.

ఈ పట్టుదల ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు. బాయిలో మనిషి పోతే అతని భార్య కంపెనీ ఆఫీసు చుట్టూ తిరగాలి. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, వారసత్వ ఉద్యోగం కాయిదాలన్నీ ఆమె ముందుకే వస్తాయి. వారసుడంటే ఆ రోజుల్లో కొడుకో అల్లుడో. ఏ కాయిదం మీద ఏముందో తెలియకుండా వేలిముద్ర వేయించుకునే పైరవీకారులు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు. పేరు రాయడం వచ్చినంత మాత్రాన కాయిదం చదవడం రాదు, నిజమే. కానీ పెన్ను పట్టుకున్న మనిషి "ఇందుల ఏమున్నది?" అని ఒక మాట అడుగుతుంది. సిరా డబ్బా ముందుకు జరిపి వేలు పట్టుకుంటే ఆ మాట అడిగే సందు ఉండదు.

వేళ కాని వేళ సైరన్ కూస్తే ఊరంతా బాయి దిక్కు పరుగెత్తేది. బండ పడింది అన్నమాట. ఆ రోజు మా బడిలో గంట కొట్టేవాళ్లు కాదు. పదో తరగతి అక్కలు తరగతి తరగతికీ వచ్చి "మొదటి షిఫ్టు పిల్లలు రాండ్రి" అని మెల్లగా పిలిచేవాళ్లు. ఏ బాయి, ఎస్సార్పీనా, ఆర్కేనా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ పిల్లలందరినీ ప్రార్థన హాల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కరి పక్కన ఒక్కో అక్క కూర్చునేది. "ఏం కాదు" అనే మాట అనకూడదు. అది మా బడి కట్టడి. ఏమైందో తెలియనప్పుడు ఏం కాదని ఎట్లా అంటావని టీచరమ్మ వాదన. చేయి పట్టుకుని కూర్చోవడమే. కబురు వచ్చేది. పేరు తెలిసేది. మిగిలిన పిల్లలు ఊపిరి పీల్చుకుని, ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గుపడి, ఆ ఒక్క పిల్ల వైపు చూడలేక తల దించుకుని ఇళ్లకు పోయేవాళ్లు.

ఆ పిల్ల మళ్లీ బడికి వచ్చేది దినాలయ్యాకే. అప్పటికి ఆమె బెంచీ మీద ఆమె పేరుతో కొత్త నోటు పుస్తకాలు ఉండేవి. తరగతిలో ఒక్కొక్కరు ఒక్కో సబ్జెక్టు పంచుకుని, ఆమె రాని రోజుల పాఠాలన్నీ అందులో ఎక్కించేవాళ్లు. ఒకే పుస్తకంలో నలుగురి చేతిరాతలు. ఓదార్పు మాటలు మాకు రావు. లెక్కలు, సాంఘికం, ఇంగ్లీషు రాయడం వచ్చు. వచ్చిందే చేశాం.

పెండ్లి అయిపోయి మధ్యలో బడి మానిన పిల్లల పేర్లు కూడా రిజిస్టర్‌లోంచి కొట్టేసేవాళ్లు కాదు. చట్టం 1978లోనే ఆడపిల్ల పెండ్లీడును 18 చేసింది. లైన్లలో ఎనిమిదో తరగతి వేసవికే లగ్గాలయ్యేవి. హాజరు పిలిచేటప్పుడు లీడర్ ఆ పేరు కూడా పిలవాలి, తరగతంతా ఒక క్షణం ఆగాలి. వార్షిక పరీక్షల దాకా అంతే. పరీక్ష రాయడానికి అత్తగారింటి నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు, చంకలో పిల్లతో వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్లను గంట కట్టిన వేపచెట్టు కింద ఎత్తుకుని తిప్పడానికి ఆరో తరగతి పిల్లలు పోటీ పడేవాళ్లు.

ఇంత చెప్పాను కదా అని అన్నీ మంచివే అనుకోవద్దు. రోడ్డు వైపు కిటికీల అద్దాలకు కింది సగం నీలం రంగు పూసి ఉంచేవాళ్లు. అన్న అయినా సరే గేటు దగ్గర రెండు మాటలకంటే ఎక్కువ మాట్లాడకూడదు. మా పేరున బడికి వచ్చే ఉత్తరాలు ముందు ఆఫీసులో విప్పేవాళ్లు. రెండు జడలు వేసి మడిచి కట్టకపోతే ఎండలో నిలబెట్టేవాళ్లు. వీటిలో ఏ ఒక్కటీ నాకు పోయినందుకు బాధ లేదు. ఇంకొకటి కూడా ఉంది. చుట్టూరా బాయిలే అయినా పదేండ్ల చదువులో మమ్మల్ని ఒక్క బాయి దగ్గరికీ తీసుకుపోలేదు. విహారయాత్రంటే బాసర, లేదంటే కుంటాల జలపాతం. మగపిల్లల బడి నుంచి కుర్రాళ్లు క్యాప్ ల్యాంపు పెట్టుకుని దిగి చూసొచ్చి గొప్పలు చెప్పేవాళ్లు. ఆడవాళ్లు భూగర్భ గనిలో పనిచేయకూడదని 1952 గనుల చట్టం. ఆ చట్టం మా విహారయాత్రకు కూడా వర్తిస్తుందని మా బడి అనుకున్నట్టుంది. 2019లో కేంద్రం ఆ నిషేధం ఎత్తేసింది. ఇప్పుడు మైనింగ్ డిప్లొమా చదివిన ఆడపిల్లలు హెల్మెట్ పెట్టుకుని బాయిల వైపు పోతుంటే చూస్తున్నాను. మా బ్యాచ్‌లో లెక్కల్లో వందకు వంద తెచ్చుకున్నవాళ్లు కుట్టు మిషన్ ముందు ఆగిపోయారు.

బడి ఒక్కరోజులో మారలేదు. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు. కొత్త నియామకాలు ఆగాయి, యంత్రాలు వచ్చాయి, ఓపెన్ కాస్టులు పెరిగాయి, స్వచ్ఛంద విరమణలు వచ్చాయి. ఇప్పుడు నలభై వేల దగ్గరికి దిగింది. కార్మికులు తగ్గితే పిల్లలు తగ్గారు. ఉన్నవాళ్లు మంచిర్యాలలో ప్లాట్లు కొనుక్కుని ఇంగ్లీషు మీడియం వెతుక్కున్నారు. బడి కూడా ఇంగ్లీషు మీడియం అయింది, తర్వాత మగపిల్లలను చేర్చుకుంది. నడవాలంటే తప్పదు. పట్టా ముక్క పోయి కరెంటు బెల్లు వచ్చింది. నదులు పోయి రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో వచ్చాయి. వంటగ్యాసు వచ్చాక పొగ పోయింది, శనివారం తెల్లబట్టలు ఉతకడం సులువైంది. అదే కాలంలో తెల్లబట్టలూ పోయి ట్రాక్ సూట్ వచ్చింది. బుధవారం బేసిన్‌ను ఎవరో శుభ్రత కాదన్నారు. చింతచెట్టు కింద ఇప్పుడు బస్సులు నిలుపుతారు. దూరపు పల్లెల ఆడపిల్లలకు గురుకులాలు వచ్చాయి. మా కాలంలో ఎనిమిదో తరగతిలో ఆగిపోయినవాళ్ల మనవరాళ్లు అక్కడ ఇంటర్ చదువుతున్నారు. ఇది మా బడి చేయలేని పని.

పోవలసినవి పోయాయి, కొన్ని అవసరం తీరి పోయాయి. వాటి గురించి వగచేంత వెర్రి నాకు లేదు. నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్క సంతకం గురించే. ఆ అవసరం తీరలేదు. పిల్లల మార్కులు ఇప్పుడు తండ్రి ఫోన్‌కు మెసేజ్‌గా వస్తాయి. తల్లి పేరు దరఖాస్తులో ఒక గడిలో ఉంటుంది, కార్డు మాత్రం ఆమె చేతికి రాదు. చదువుకున్న తల్లులే ఇప్పుడు ఎక్కువ. అయినా బ్యాంకు నుంచి, ఇన్సూరెన్స్ నుంచి వచ్చిన కాయిదం చదవకుండా భర్త చూపించిన చోట సంతకం పెట్టేవాళ్లను రోజూ చూస్తున్నాను. టీచరమ్మ నేర్పమన్నది పేరు రాయడమే. నేర్చుకున్నవాళ్లకు దాని వెంట వచ్చింది అడిగే అలవాటు.

బాపు పోయాక అమ్మకు బొగ్గుగని పెన్షన్ వస్తున్నది. బతికే ఉన్నానని ఏటా చూపుకోవాలి. పోయినసారి నవంబర్‌లో మీసేవకు తీసుకుపోయాను. అక్కడి పిల్లగాడు వేలిముద్ర మిషన్ ముందుకు జరిపాడు. అమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"వేలెందుకు బిడ్డా? నాకు సంతకం వచ్చు."

"సంతకం నడవదమ్మా, ఇప్పుడంత వేలే."

నేను సర్దిచెప్పి వేలు పెట్టించాను. మిషన్ పట్టలేదు. బొగ్గు సిగిడీలు ఊది, గిన్నెలు తోమి అరిగిన వేళ్లు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమచేయి అన్నీ అయ్యాయి. పిల్లగాడు గుడ్డతో తుడిచి మళ్లీ ఒత్తమన్నాడు. అమ్మకు కోపం వచ్చింది. వాడి బల్ల మీద పెన్ను తీసుకుని, రసీదు పుస్తకం మీద తన పేరు రాసింది, ఒత్తులతో సహా, గడి దాటకుండా. పుస్తకం వాడి వైపు తిప్పి నాతో అంది:

"మీ టీచరమ్మ ఉంటే ఈ డబ్బాను మూడుసార్లు ఎనుకకు పంపు."